సరిహద్దు జిల్లాల్లో మత్తు మందుల కట్టడి: రెండు వందల ఏళ్ళ చరిత్ర

మత్తు పదార్థాల నివారణ అనగానే మనకు పోలీసు తనిఖీలు, పట్టుబడిన గంజాయి మూటలు, పత్రికల్లో ఫోటోలు గుర్తుకొస్తాయి. దీని వెనక ఎంత పాత చరిత్ర ఉందో, ఆ చరిత్రలో మన సరిహద్దు ప్రాంతాలకు ఎంత పాత్ర ఉందో సాధారణంగా చెప్పుకోం. బడిలో ఒడియా మాధ్యమంలో చరిత్ర పాఠం చెప్పి, ఇంటికొచ్చి తెలుగులో మాట్లాడుకునే నాబోటివాళ్ళకు ఒక సంగతి బాగా కనబడుతుంది. మనుషుల మాట హద్దు దగ్గర మారుతుంది, ప్రభుత్వం మారుతుంది, చట్టం మారుతుంది. సరుకు మాత్రం మారదు. రాయగడ నుంచి పార్వతీపురం పోయే దారిలో, యానాం నుంచి కాకినాడ పోయే దారిలో, బళ్ళారి నుంచి గుంతకల్లు పోయే దారిలో ఇది ఒక్కటే.

కాబట్టి ఇక్కడ మత్తును కట్టడి చేయాలంటే ఏ ఒక్క ప్రభుత్వం వల్లా కాదు, రెండు మూడు ప్రభుత్వాలు చేతులు కలపాలి. మరి అవి ఎప్పుడు చేతులు కలిపాయి, ఎందుకోసం కలిపాయి? నల్లమందు, గంజాయి అనే రెండు సరుకుల కథ చూస్తే దీనికి జవాబు దొరుకుతుంది. ప్రభుత్వాలు ముందుగా చేతులు కలిపింది ఖజానా కోసం. మనిషి ఆరోగ్యం మాట చాలా ఆలస్యంగా వచ్చింది.

యానాం శ్రోతలకు తెలియవలసిన ఒక ఒప్పందంతో మొదలుపెడతాను. 1773లో వారన్ హేస్టింగ్స్ బెంగాలు నల్లమందు వ్యాపారాన్ని కంపెనీ గుత్తకు తెచ్చాడు. 1797 నాటికి తయారీ కూడా కంపెనీ చేతిలోకి వచ్చింది. గంగా తీరంలో రైతు చేత గసగసాల పైరు వేయించి, ముందుగా బయానా ఇచ్చి, కాయ గీరి తీసిన పాలను పాట్నా, ఘాజీపూర్ కర్మాగారాల్లో ఉండలు చేసి, పెట్టెలకెత్తి కలకత్తాలో వేలం వేసేవారు. ఆ పెట్టెల్లో అధికభాగం చైనాకు పోయేవి. ఇదంతా పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే.

పుస్తకాల్లో లేనిది 1815 మార్చి 7న లండన్‌లో ఇంగ్లీషువారికీ ఫ్రెంచివారికీ జరిగిన ఒడంబడిక. నెపోలియన్ యుద్ధాల తర్వాత పాండిచ్చేరి, కారైకాల్, యానాం, మాహే, చంద్రనాగూరు ఫ్రెంచివారికి తిరిగి దక్కాయి. వాటిలో ఉప్పు, నల్లమందు స్వేచ్ఛగా అమ్మితే చుట్టూ ఉన్న కంపెనీ జిల్లాల్లో గుత్త వ్యాపారం కూలిపోతుంది. అందుకని ఫ్రెంచివారు ఉప్పు హక్కు వదులుకున్నారు. బదులుగా ఏటా 4 లక్షల సిక్కా రూపాయలు పుచ్చుకున్నారు. నల్లమందు విషయంలో కలకత్తా వేలం సగటు ధరకు ఏటా 300 పెట్టెలు మించకుండా తీసుకునే హక్కు రాసుకున్నారు. శతాబ్దాల తరబడి కత్తులు దూసుకున్న రెండు రాజ్యాలు ఒక మత్తు సరుకు విషయంలో ఇంత ముచ్చటగా ఒప్పందానికి వచ్చాయి! ఆ కాగితంలో నల్లమందు తినేవాడి ఊసు ఒక్క ముక్క లేదు.

దేశంలో తినేవాళ్ళ సంగతి వేరు. నల్లమందును మన పెద్దలు అభిని అని కూడా అనేవారు. విరేచనాలకు, కీళ్ళ నొప్పులకు, దగ్గుకు అదే మందు. పనికి పోయే తల్లులు పసివాడు ఏడవకుండా ఆవగింజంత నాకించేవారు. గోదావరి, విశాఖ మన్యాల్లో దాని వాడకం మరీ ఎక్కువ. మలేరియా జ్వరం కొండను పట్టి పీడించే రోజులవి. నల్లమందు తింటే చలిజ్వరం రాదని జనం నమ్మేవారు. ఆ నమ్మకాన్ని వైద్యులు కొందరు సమర్థించారు, కొందరు కాదన్నారు. క్వినైను అందని కొండగూడెంలో మనిషికి దొరికింది నల్లమందు ఒక్కటే అన్నది మాత్రం వాస్తవం. మందు లేని చోట మత్తే మందయింది. మన్యం వాళ్ళను తాగుబోతులు, మత్తుబానిసలు అని తేలిగ్గా మాట్లాడేవారు ఈ సంగతి మరవకూడదు.

1857లో పంట మీద, 1878లో అమ్మకం మీద నల్లమందు చట్టాలు వచ్చాయి. లైసెన్సు ఉన్న దుకాణం, వేలం పాట, ఒక్కో మనిషి దగ్గర ఉండదగ్గ పరిమాణం, వీటికి నిబంధనలు ఏర్పడ్డాయి. ఆబ్కారీ అనే మాట మన ఊళ్ళలో స్థిరపడింది ఈ కాలంలోనే. భూమిశిస్తు తర్వాత సర్కారుకు పెద్ద ఆదాయాల్లో నల్లమందు ఒకటిగా ఉండేది. అందుచేత వాడకం తగ్గించడం కన్నా దొంగసరుకును ఆపి పన్ను రాబట్టడమే ఆబ్కారీ ఉద్యోగి పని.

ఈ ధోరణి ఎంతదాకా పోయిందంటే, 1879లో రంప తిరుగుబాటుకు ఆబ్కారీయే ఒక ముఖ్య కారణమయింది. జీలుగు చెట్టు, తాటిచెట్టు గీసుకుని ఇంటి మట్టుకు కల్లు తాగడం కొండవాడి పాత హక్కు. మున్సబుదారు చిగురుపన్ను పేరుతో దాని మీద వసూలు మొదలుపెట్టాడు. కింది జిల్లాల నుంచి వచ్చిన కల్లు గుత్తేదార్లు ఆ పైన పడ్డారు. పోలీసుల అక్రమాలు తోడయ్యాయి. మన్యం భగ్గుమంది. మత్తును అదుపు చేస్తున్నామని సర్కారు ఎప్పుడన్నా కొండ ఎక్కితే అక్కడి జనం ముందుగా అనుమానంతో చూడటానికి ఇలాంటి పాత అనుభవాలు కూడా కారణం.

1893లో రెండు పెద్ద విచారణలు ఒకేసారి మొదలయ్యాయి. ఇంగ్లండులో మతసంఘాల వారు, ముఖ్యంగా క్వేకర్లు, నల్లమందు వ్యాపారం పాపమని ఏళ్ళ తరబడి గొడవ చేయగా లార్డు బ్రాసీ అధ్యక్షతన రాయల్ కమిషను వచ్చింది. అది 1895లో నివేదిక ఇచ్చింది. నల్లమందు వల్ల ఈ దేశంలో పెద్ద చేటు లేదని, నిషేధం అక్కరలేదని దాని సారాంశం. ఖజానాకు ఏది కావాలో అదే కమిషను తేల్చిందని ఆనాడే విమర్శలు వచ్చాయి. ఆ విమర్శలో న్యాయం ఉందనే నా అభిప్రాయం.

రెండోది గంజాయి మీద. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన ఏడుగురు సభ్యులతో ఏర్పడిన ఈ సంఘం 1,193 మంది సాక్షులను విచారించి 1894లో ఏడు సంపుటాల నివేదిక ఇచ్చింది. వీరిలో వైద్యులు, కలెక్టర్లు, మిషనరీలు, సాగుదార్లు అందరూ ఉన్నారు. పిచ్చాసుపత్రుల్లో గంజాయి వల్ల వచ్చిన పిచ్చి అని రాసుకున్న కేసులను ఒక్కొక్కటిగా తిరిగి పరీక్షించి, వాటిలో చాలా భాగం ఆధారం లేకుండా రాసినవేనని తేల్చింది. మితంగా వాడితే పెద్ద హాని లేదు, అతిగా వాడితే హాని ఉంది, పూర్తిగా నిషేధిస్తే దొంగచాటు వ్యాపారం పెరుగుతుంది, కనుక సాగును కొద్ది చోట్లకు పరిమితం చేసి పన్ను వేసి అదుపులో పెట్టండి అన్నది దాని సలహా. పక్క సంస్థానాల్లో కట్టడి లేకపోతే బ్రిటిషు జిల్లాల్లో వేసిన పన్ను నిలవదన్న సంగతిని కూడా సంఘం పట్టించుకుంది. సరిహద్దు సమస్య సర్కారు లెక్కల్లోకి ఎక్కిన సందర్భాల్లో ఇదొకటి.

మద్రాసు రాజధానిలో ఆనాడు వ్యాపారానికి గంజాయి పండించిన చోట్లు రెండు ముఖ్యం. ఒకటి అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని దగ్గుబాడు, దాని చుట్టుపట్ల గ్రామాలు. రెండోది ఉత్తర ఆర్కాటులోని జవ్వాది కొండలు. అంటే ఒక కాలంలో గంజాయి కొండల్లో దాక్కున్న పంట కాదు. కోస్తా మైదానంలో సర్కారు కళ్ళెదుట, సర్కారుకు తెలిసే పండిన పంట. గంజాయి వనంలో తులసి మొక్క అనే సామెత మనవాళ్ళ నోట పలకడానికి ఆ వనాలు కళ్ళతో చూసి ఉండటమే కారణమేమో!

ఇరవయ్యో శతాబ్దంలో గాలి మారింది. చైనాకు ఎగుమతిని పదేళ్ళలో తగ్గించి ఆపడానికి 1907లో ఒప్పందం కుదిరింది. 1912లో హేగ్ నగరంలో మొదటి అంతర్జాతీయ నల్లమందు ఒడంబడిక జరిగింది. తర్వాత నానాజాతి సమితి ఒక కొలబద్ద పెట్టింది. 10 వేల జనాభాకు ఏడాదికి 6 సేర్ల నల్లమందు వైద్యానికి చాలు, అంతకుమించితే అది మత్తు కోసం అని. ఆ కొలతతో చూస్తే అస్సాం, కలకత్తా, ఒరిస్సా తీరంలో బాలేశ్వర్ హద్దు దాటాయి. మద్రాసు రాజధానిలో మన గోదావరి జిల్లా కూడా దాటింది. గోదావరి పేరు పచ్చని పైరుకు మాత్రమే వినడం అలవాటైన మనకు ఇది కాస్త కొత్తగానే ఉంటుంది.

ఇదే కాలంలో జాతీయోద్యమం మత్తు విషయాన్ని చేతికి తీసుకుంది. కల్లు దుకాణాల పికెటింగులు, అస్సాంలో నల్లమందు మీద కాంగ్రెసు విచారణ, ఇవన్నీ 1920ల నాటివి. అల్లూరి సీతారామరాజు 1922లో ఆయుధం పట్టకముందు మన్యంలో చేసిన పని, తాగుడు మానండి, కోర్టులకు పోకుండా పంచాయితీల్లో తగవులు తీర్చుకోండి అని ఊరూరా చెప్పడం. పన్ను వసూలుకు వచ్చిన వాడు చెబితే వినని జనం తమ మేలు కోరిన వాడు చెబితే విన్నారు. 1930లో వచ్చిన ప్రమాదకర మందుల చట్టం ఎగుమతి దిగుమతులను కేంద్రం చేతిలో పెట్టింది. లోపలి అమ్మకం మాత్రం యథాప్రకారం రాష్ట్రాల ఆబ్కారీ శాఖలదే.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయింది. అంతవరకు ఒక్క మద్రాసు ఆబ్కారీ కింద ఉన్న మన్యం రెండయింది. జయపురం, కోరాపుట్, రాయగడ అటు, పాడేరు, అరకు ఇటు. వాగులు, సంతలు, పెళ్ళి సంబంధాలు అలాగే ఉన్నాయి. చట్టం ఒక్కటే విడిపోయింది.

మరుసటి ఏడాది రాజగోపాలాచారి ప్రభుత్వం మద్రాసులో నిషేధ చట్టం తెచ్చింది. ఈ చట్టం సారా, కల్లులకే కాదు, మత్తు మందులకు కూడా వర్తించేది. 1937 అక్టోబరు 1న సేలంలో మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు, 1939లో ఉత్తర ఆర్కాటుకు విస్తరించారు. పోయిన ఆదాయానికి బదులుగా అమ్మకపు పన్ను తెచ్చారు. ఖజానా లెక్క ముందే సరిచూసుకుని నిషేధం పెట్టడం రాజాజీ తెలివి. కాని జిల్లా జిల్లాగా పెట్టిన నిషేధం జిల్లా పొలిమేరలో ఆగేది. చిత్తూరు దాటితే మైసూరు సంస్థానం. యుద్ధకాలంలో వెనక్కుపోయి, 1948 అక్టోబరు 2 నాటికి యావత్తు మద్రాసు రాష్ట్రానికీ నిషేధం వచ్చింది. అప్పుడూ యానాం ఫ్రెంచివారిదే. 1954లో అది విడుదలయ్యేదాకా మద్రాసు చట్టానికి ఆ ఊరి పొలిమేరే చివర. ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం 1954 నవంబరులో ఈ నిషేధం వివాదం మీదే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అదంతా మద్యం కథ, మరోసారి చెప్పుకోవలసినంత ఉంది.

నల్లమందు విషయంలో మాత్రం స్వతంత్ర భారతం ఒక చక్కని పని చేసింది. దీనిని గురించి కాస్త నిదానంగా చెప్పాలి. 1949లో కేంద్రం అన్ని రాష్ట్రాల వారిని కూర్చోబెట్టి అఖిల భారత నల్లమందు సమావేశం జరిపింది. పదేళ్ళ గడువు పెట్టుకున్నారు. కేంద్రం రాష్ట్రాలకు ఇచ్చే సరుకును ఏటా పదో వంతు చొప్పున కోసుకుంటూ పోవాలి, 1959 మార్చి 31 తర్వాత వైద్యానికి, శాస్త్ర ప్రయోజనాలకు తప్ప నల్లమందు ఇవ్వకూడదు. 1950లో పంట అజమాయిషీకి నార్కోటిక్స్ కమిషనరు పదవి ఏర్పడింది. అంటే పొలం ఒకరి అదుపులో, సరఫరా ఒక లెక్కలో, దుకాణం రాష్ట్రం చేతిలో, ముగ్గురికీ ఒకే గడువు.

ఇందులో నాకు గొప్పగా తోచేది మరొకటి. ఏళ్ళ తరబడి అలవాటుపడిన ముసలివాళ్ళను ఆ రోజుతో జైలుకు పంపలేదు. వాళ్ళ పేర్లు నమోదు చేసి, డాక్టరు పరీక్షించి అవసరమన్న వారికి కార్డు మీద కొద్ది మోతాదు ఇచ్చారు. ఒరిస్సాలో, అస్సాంలో ఇలాంటి కార్డుదారులు చాలాకాలం ఉన్నారు. కొత్తవారికి కార్డు లేదు. పాతతరం వెళ్ళిపోతున్న కొద్దీ అలవాటు తనంతట సన్నగిల్లింది. దొంగసరుకు పూర్తిగా పోయిందని ఎవరూ అనలేరు. అయినా ఒక దేశం మొత్తం కలిసి, గడువు పెట్టుకుని, అలవాటైన మనిషిని రోగిగా చూసి చేసిన ప్రయత్నం ఇది. ఇంతటి పనికి మన పాఠ్యపుస్తకాల్లో నాలుగు వాక్యాలు కూడా లేకపోవడం చరిత్ర ఉపాధ్యాయుడిగా నాకు బాధ కలిగిస్తుంది.

గంజాయికి అలాంటి అదృష్టం పట్టలేదు. 1961లో ఐక్యరాజ్యసమితి ఒడంబడిక గంజాయిని కూడా కఠినమైన జాబితాలో చేర్చింది. వాడకం సంప్రదాయంగా ఉన్న దేశాలకు 25 ఏళ్ళ గడువిచ్చింది. ఆకుతో చేసే భంగు ఆ నిర్వచనంలో పడలేదు. గడువు ఉన్నంతకాలం రాష్ట్రాలు ఎవరి ఆబ్కారీ పద్ధతిలో వారున్నారు. ఈలోగా పశ్చిమాన అఫ్ఘానిస్తాన్ వైపు నుంచి, తూర్పున బర్మా వైపు నుంచి హెరాయిన్ మన నగరాల్లోకి వచ్చింది. 1985 ఆగస్టు 23న పార్లమెంటులో బిల్లు పెట్టారు. సెప్టెంబరు 16న రాష్ట్రపతి ఆమోదం, నవంబరు 14 నుంచి అమలు. నల్లమందుకు పదేళ్ళు ఆలోచించిన దేశం అన్ని మత్తు మందులకూ కలిపి మూడు నెలలలోపు చట్టం ముగించింది. 1986 మార్చిలో నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో ఏర్పడింది.

ఆ చట్టం చెడ్డదని నేను అనను. దాని 4వ సెక్షను చదివితే సంతోషం కలుగుతుంది. రాష్ట్రాల, శాఖల పనిని సమన్వయం చేయడం, అలవాటైన వారిని గుర్తించి వైద్యం చేయించడం, ప్రజలకు తెలియజెప్పడం, కోలుకున్న వారికి బతుకు చూపించడం, అన్నీ కేంద్రం బాధ్యతగా అందులో ఉన్నాయి. ఆచరణలో ఇది పలు వాకిళ్ళకు చీలింది. చట్టం, సాగు లైసెన్సులు ఆర్థిక శాఖలో రెవెన్యూ విభాగానివి. పట్టుకోవడం హోం శాఖ కింది బ్యూరోది, రాష్ట్ర పోలీసులది. మాన్పించే కేంద్రాలకు గ్రాంటు సాంఘిక న్యాయ శాఖది. ఆసుపత్రి వైద్యం ఆరోగ్య శాఖది. పట్టుకునే వాకిలి పెద్దది, మాన్పించే వాకిలి చిన్నది. కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ చేత చేయించి 2019లో ప్రకటించిన సర్వేలో, చట్టవిరుద్ధమైన మత్తు మందులకు బానిసైన వారిలో ఆసుపత్రిలో చేరి వైద్యం పొందినవారు 20 మందిలో ఒక్కరే అని తేలింది.

ఇక మన మన్యం. ఒకప్పుడు దగ్గుబాడు మైదానంలో లైసెన్సు మీద పండిన గంజాయి, ఇటీవలి దశాబ్దాల్లో ఆంధ్ర ఒడిశా సరిహద్దు కొండల్లో దొంగపైరయింది. 2021 చివర ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో విశాఖ మన్యంలో 7,500 ఎకరాలకు పైగా తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. తోటలు ఇటు నరికితే సరుకు అటునుంచి వస్తోందని ఆ తర్వాత ఆంధ్ర పోలీసులే అన్నారు. మల్కనగిరి, కోరాపుట్ కొండలకు ఆ మాట కొత్త కాదు. ఒక్క చేత్తో పిసికితే గాలిబుడగ రెండో పక్కకు ఉబుకుతుంది, అంతే.

రెండు పక్కలా ఒకేసారి పట్టుకోవాలనే ఎన్‌కార్డ్ అనే సమన్వయ కేంద్రాన్ని కేంద్రం 2016లో పెట్టింది. 2019లో దాన్ని నాలుగంచెలుగా మార్చి జిల్లా దాకా తెచ్చింది. జిల్లా కమిటీకి కలెక్టరు అధ్యక్షుడు. పోలీసు, ఆబ్కారీ, అటవీ, వైద్యం, విద్య శాఖలు ఒక బల్ల ముందు కూర్చోవాలి. కాగితం మీద ఇది 1949 నాటి సమావేశానికి దగ్గర బంధువు. తేడా ఏమిటంటే, ఆనాడు లెక్క కోసింది సరఫరాను, గడువు పెట్టింది అలవాటుకు. ఈనాటి ప్రకటనల్లో ఎన్ని కిలోలు పట్టారు, ఎందరిని అరెస్టు చేశారు అనేవే మొదటి వరసలో ఉంటాయి. ఎందరు మానుకున్నారు అన్న లెక్క అంత గట్టిగా వినబడదు.

అరెస్టు లెక్కలో మన పిల్లలే ఎక్కువ నష్టపోతున్నారు. ఈ మాట ఉపాధ్యాయుడిగా చెప్పక తప్పదు. గంజాయి కిలో వరకు ఉంటే చట్టంలో చిన్న పరిమాణం, ఏడాదిదాకా శిక్ష. 20 కిలోలు మించితే వాణిజ్య పరిమాణం. అప్పుడు శిక్ష పదేళ్ళకు తగ్గదు, ఇరవై ఏళ్ళ దాకా పోవచ్చు, బెయిలు దొరకడం దుర్లభం. కూలికి ఒప్పుకుని కొండ దిగి మూట మోసిన కుర్రాడికి ఈ అంకెలు తెలియవు. మూట వాడిది కాదు, లాభం వాడిది కాదు, శిక్ష మాత్రం వాడిది. పైగా పట్టుబడేది హద్దు అవతల. ఒడియా తెలిసిన తల్లి తెలుగు కోర్టులో, తెలుగు తెలిసిన తండ్రి ఒడియా జైలు గేటు ముందు నిలబడాలి. పదో తరగతి పిల్లలకు చట్టం అంటే ఏమిటో చెప్పేటప్పుడు ఈ కిలో, 20 కిలోల లెక్క కూడా నేను బోర్డు మీద రాస్తాను. దీనికి సిలబస్ ఒప్పుకుంటుందా లేదా అని అడగను.

అదే చట్టంలో అంతగా ప్రచారం లేని సెక్షను మరొకటి ఉంది, 64ఎ. అలవాటైన మనిషి చిన్న పరిమాణంతో లేదా వాడకం నేరంతో చిక్కుకున్నా, తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో వైద్యానికి ముందుకొచ్చి దాన్ని పూర్తిచేస్తే ఆ నేరానికి విచారణ నుంచి రక్షణ పొందవచ్చు. వైద్యం మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది. పిల్లవాడి అలవాటు బయటపడితే పోలీసు కేసవుతుందని భయపడి ఇంట్లోనే దాచుకునే తల్లిదండ్రులు ఈ సెక్షను సంగతి దగ్గర్లోని వకీలును, డాక్టరును అడిగి తెలుసుకోవచ్చు. మాన్పించే సలహా కోసం సాంఘిక న్యాయ శాఖ నడిపే ఉచిత ఫోను నంబరు 14446. హద్దుకు ఇటు నుంచి చేసినా అటు నుంచి చేసినా నంబరు ఒక్కటే.